ఉప్పు పట్టిన మాంసానికి చలి ఎందుకు



ఉప్పు పట్టించి నిలవ చేసిన మాంసం ఎన్నాళ్లయినా చెడదన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. ఆ నమ్మకం ఒక రకం మాంసం విషయంలో చాలావరకు నిజమే. మరొక రకం విషయంలో అది ప్రమాదకరమైన పొరపాటు. దుకాణంలో ఈ రెండు రకాలూ ఒకే చల్లని అద్దాల బీరువాలో పక్కపక్కనే ఉంటాయి. చాలాసార్లు పేరూ ఒకటే, రంగూ దగ్గర దగ్గరగా ఉంటుంది. అందుచేత ఇంటికి తెచ్చుకున్నవారు రెండింటినీ ఒకే విధంగా దాచిపెడతారు, ఒకదానికి వర్తించే గడువు మరొకదానికీ వర్తిస్తుందనుకుంటారు. ఈ తేడా ఏమిటో, ఫ్రిజ్ ఎంతవరకు కాపాడుతుందో, ఫ్రీజర్ ఏ పని చేయగలదో, ఏ పని చేయలేదో వివరించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

అమెరికాలోనూ యూరప్‌లోనూ వండే పని లేకుండా నేరుగా తినదగిన మాంసాలను అమ్మే దుకాణాన్ని, లేదా సూపర్‌మార్కెట్‌లో అందుకోసం కేటాయించిన విభాగాన్ని, డెలీ అంటారు. జర్మన్, యూదు వలసదారులతో పాటు పంతొమ్మిదో శతాబ్దంలో ఈ దుకాణాలు న్యూయార్క్ నగరానికి వచ్చి స్థిరపడ్డాయి. అక్కడ దొరికే హ్యామ్ అంటే ఉప్పు పట్టించిన పంది తొడ. సలామీ అంటే తరిగిన మాంసాన్ని, కొవ్వును ఉప్పుతో కలిపి పేగు తొడుగులో కూరి, పులియనిచ్చి, ఆరబెట్టినది. పాస్ట్రామీ అంటే ఉప్పునీటిలో ఊరిన బీఫ్‌కు మిరియాలు, ధనియాలు పట్టించి, పొగబెట్టి, ఆవిరి మీద ఉడికించినది. ఇవికాక ఉడికించి రేకుల్లా పలుచగా కోసిన టర్కీ కోడి రొమ్ము మాంసం ఉంటుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పిల్లల మధ్యాహ్నపు డబ్బాలో టర్కీ రేకులు పెట్టిన సాండ్‌విచ్ ఇప్పుడు కొత్త సంగతి కాదు. హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ సూపర్‌మార్కెట్ల ఫ్రీజర్లలో చికెన్ సలామీ పొట్లాలు దొరుకుతూనే ఉన్నాయి.

మాంసం చెడిపోవడానికి కారణమైన సూక్ష్మజీవులకు బతకడానికి నీరు కావాలి. మాంసంలో ఉన్న నీరంతా వాటికి అందదు. ఉప్పుతో బిగిసిపోని నీరు మాత్రమే వాటికి ఉపయోగపడుతుంది. ఈ అందుబాటులో ఉన్న నీటిని శాస్త్రజ్ఞులు నీటి లభ్యత అంటారు. ఉప్పు వేస్తే నీటి లభ్యత తగ్గుతుంది, ఆరబెడితే ఇంకా తగ్గుతుంది. రెండూ కలిస్తే సూక్ష్మజీవులు పెరగలేని స్థితి వస్తుంది. తెలంగాణ పల్లెల్లో ఉప్పు, పసుపు పట్టించి, దారాలకు గుచ్చి, మండుటెండలో ఎండబెట్టే ఒట్టి తునకలు నెలల తరబడి నిలవ ఉండడానికి కారణం ఇదే. ఆ తునకలను చేత్తో విరిస్తే విరుగుతాయి. వాటిలో సూక్ష్మజీవికి పనికొచ్చే నీరు మిగలదు. ఇటలీలోని పార్మా పట్టణం చుట్టుపక్కల తయారయ్యే ప్రసిద్ధమైన హ్యామ్ కూడా ఇదే సూత్రం మీద నిలబడింది. దానికి పంది తొడ, సముద్రపు ఉప్పు తప్ప మరేదీ చేర్చరు. చల్లని గదులలో ఉప్పును నెమ్మదిగా లోపలికి ఇంకనిచ్చి, తరువాత గాలి ఆడే గదులలో ఏడాదికి పైగా వేలాడదీస్తారు. అలా ఆరిన తొడ బరువులో పెద్ద భాగం నీటి రూపంలో పోతుంది. ఫ్రిజ్ అనేది లేని శతాబ్దాలలో ఆ మాంసం నిలిచిందంటే అది ఉప్పూ గాలీ కాలమూ కలిసి చేసిన పని.

ఇప్పుడు డెలీ బీరువాలో దాని పక్కనే ఉన్న మామూలు హ్యామ్ వైపు చూడాలి. దానిని ఏడాది కాదు, కొద్ది రోజులలో తయారు చేస్తారు. ఉప్పునీటిని సూదులతో మాంసంలోకి ఎక్కించి, ఉడికించి, చల్లార్చి, ముద్దగా అచ్చు కడతారు. దానిలో ఉప్పు ఉంది, కానీ రుచికి తగినంతే. నీరు మాత్రం పుష్కలంగా ఉంది. టర్కీ రొమ్ము మాంసం, ఆరబెట్టకుండా ఉడికించే చికెన్ సలామీ, ఉడికించిన సాసేజ్‌లు, పాస్ట్రామీ అన్నీ ఈ కోవకే చెందుతాయి. శ్రోతలు ఈ ఒక్క విషయాన్ని గట్టిగా గుర్తుంచుకుంటే ప్రసంగంలో సగం గ్రహించినట్లే: ఆరిన మాంసం ఉప్పు బలం మీద నిలుస్తుంది, తడి మాంసం చలి బలం మీద నిలుస్తుంది. చలి లేకపోతే తడి మాంసానికి ఉప్పు ఇచ్చే రక్షణ సగం మాత్రమే.

ఉప్పుతో పాటు ఈ మాంసాలలో సాధారణంగా చేరే మరొక పదార్థం సోడియం నైట్రైట్. మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌తో ఇది కలిసి, ఉడికినా పోని గులాబీ రంగును ఇస్తుంది. అందుకే ఉడికిన మేకమాంసం గోధుమ రంగుకు తిరిగినా ఉడికిన హ్యామ్ గులాబీ రంగులోనే ఉంటుంది. రంగు దాని చిన్న పని మాత్రమే. గాలి తగలని చోట పెరిగి, ప్రాణాంతకమైన విషాన్ని తయారు చేసే బొట్యులినమ్ అనే సూక్ష్మజీవిని అణచి ఉంచడం దాని పెద్ద పని. ఆ సూక్ష్మజీవిని మొదట గుర్తించింది కూడా ఒక హ్యామ్ ముక్కలోనే. 1895 డిసెంబరులో బెల్జియంలోని ఎలెజెల్ అనే ఊరిలో ఒక అంత్యక్రియలకు వాద్యం వాయించడానికి వచ్చిన సంగీత బృందం అక్కడ భోజనంలో ఉప్పు హ్యామ్ తిన్నది. వారిలో చాలామంది చూపు మసకబారి, మింగలేక జబ్బుపడ్డారు, ముగ్గురు మరణించారు. ఎమీల్ వాన్ ఎర్మెన్‌గెమ్ అనే శాస్త్రవేత్త ఆ హ్యామ్‌ను పరీక్షించి, దానిలో నుంచి ఆ సూక్ష్మజీవిని వేరు చేసి, 1897లో వివరాలు ప్రకటించాడు. ఆ హ్యామ్‌కు ఉప్పు వేయకపోలేదు, ఉప్పునీటిలోనే ఊరింది. ఉప్పు వేసినంత మాత్రాన మాంసం సురక్షితం కాదని ఆ ఊరి విషాదం చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు.

అమెరికా దుకాణాలలో కొన్ని పొట్లాల మీద నైట్రైట్ కలపలేదని రాసి ఉంటుంది. వాటిలో చాలావాటిలో సెలెరీ అనే ఆకుకూర పొడిని వాడతారు; ఆ పొడిలో సహజంగా ఉన్న నైట్రేటే నైట్రైట్‌గా మారి అదే పని చేస్తుంది. దాచిపెట్టే పద్ధతి విషయంలో ఈ పొట్లాలకు ప్రత్యేకమైన మినహాయింపు ఏదీ లేదు. ఈ ప్రసంగంలో చెప్పే నియమాలన్నీ వాటికీ వర్తిస్తాయి.

బొట్యులినమ్‌ను నైట్రైట్ అదుపులో పెట్టింది. చలి మరిన్ని సూక్ష్మజీవులను అదుపులో పెట్టింది. అయితే చలికి లొంగని సూక్ష్మజీవి ఒకటి ఉంది, దాని పేరు లిస్టీరియా. 1926లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ప్రయోగశాల కుందేళ్లు చనిపోతున్నప్పుడు దీనిని మొదటిసారి వివరించారు. తక్కిన సూక్ష్మజీవులు ఫ్రిజ్ చలిలో మందగించిపోతే, ఇది నెమ్మదిగానైనా పెరుగుతూనే ఉంటుంది. ఉప్పును కూడా ఇది బాగా తట్టుకుంటుంది. తడిగా, కొద్దిగా ఉప్పగా, పలుచగా కోసి, వండకుండా తినే మాంసం దీనికి అనుకూలమైన చోటు. 2017, 2018 సంవత్సరాలలో దక్షిణాఫ్రికాలో పొలోనీ అనే ఉడికించిన సాసేజ్ మాంసం ద్వారా ఇది వ్యాపించినప్పుడు వెయ్యికి పైగా మనుషులు జబ్బుపడ్డారు, రెండు వందల మందికి పైగా మరణించారు. ఆ మరణాలలో నవజాత శిశువులవి ఎన్నో ఉన్నాయి. గర్భిణికి కాస్త జ్వరంగా కనిపించి పోయే ఈ జబ్బు గర్భంలోని శిశువుకు ప్రాణం మీదికి తేగలదు. అందుకే గర్భిణులు, అరవై అయిదేళ్లు దాటినవారు, చికిత్సల వల్ల రోగనిరోధక శక్తి తగ్గినవారు డెలీ మాంసాన్ని చల్లగా తినకూడదని, తినదలిస్తే 74 డిగ్రీల సెల్సియస్ వరకు, అంటే పొగలు కక్కేటంత వరకు, వేడి చేసి తినాలని అమెరికా ఆరోగ్య సంస్థలు చెబుతున్నాయి. విదేశంలో ప్రసవానికి సిద్ధమవుతున్న కూతురి దగ్గరకు వెళ్లే తల్లులు ఈ మాటను తప్పక మనసులో పెట్టుకోవాలి. వేడి లిస్టీరియాను చంపుతుంది. చలి దానిని చంపదు. ఫ్రీజర్‌లోని చలి కూడా దానిని చంపదు, కేవలం ఆపుతుంది.

మాంసం ముక్క పెద్దదిగా ఉన్నంతకాలం దాని లోపలి భాగానికి బయటి సూక్ష్మజీవులు చేరవు. కోసిన ప్రతిసారీ కొత్త ఉపరితలం బయటపడుతుంది. 1898లో రాటర్‌డామ్ నగరానికి చెందిన విల్‌హెల్మ్ వాన్ బెర్కెల్ అనే మాంసం వ్యాపారి, తిరిగే గుండ్రని బ్లేడుతో మాంసాన్ని కాగితమంత పలుచగా కోసే యంత్రాన్ని తయారు చేశాడు. డెలీ అంగడి రూపాన్నే మార్చేసిన ఆ యంత్రం మాంసాన్ని దాచిపెట్టే సమస్యను కూడా మార్చింది. పావు కిలో హ్యామ్ ముద్దగా ఉంటే దాని ఉపరితలం చిన్నది; అదే పావు కిలోను ఇరవై రేకులుగా కోస్తే ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది, ప్రతి రేకూ బ్లేడును తాకి వస్తుంది, బ్లేడు మీద అంతకుముందు కోసిన మాంసం మిగిల్చినది ఏదైనా దానికి అంటుతుంది. కనుక కర్మాగారంలో గాలి తీసి మూసిన పొట్లం ఒక పద్ధతి, అంగడిలో అప్పటికప్పుడు కోసి కాగితంలో చుట్టి ఇచ్చిన పొట్లం మరో పద్ధతి. కోసి ఇచ్చినదానికి ఆయుష్షు తక్కువ. రెండు మూడు రోజులలో తినగలిగినంతే కోయించుకోవడం డబ్బుకూ ఆరోగ్యానికీ మంచిది.

ఇక గడువుల సంగతి. అమెరికా వ్యవసాయ శాఖ ఇచ్చే సలహా ప్రకారం, తెరవని పొట్లంలోని డెలీ మాంసం ఫ్రిజ్‌లో రెండు వారాలు, అదీ పొట్లం మీద ముద్రించిన తేదీ దాటకుండా, ఉంచవచ్చు. పొట్లం తెరిచిన తరువాత, లేదా అంగడిలో కోయించుకున్న తరువాత, మూడు నుంచి అయిదు రోజులు. అంతే. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. పొట్లం మీద వచ్చే నెల తేదీ ఉన్నదని, ఈ నెల మొదటి వారంలో తెరిచిన పొట్లాన్ని నెలాఖరు దాకా తింటారు. ఆ తేదీ మూసిన పొట్లానికి ఇచ్చిన హామీ. పొట్లం తెరిచిన క్షణంలో ఆ హామీ ముగిసింది, కొత్త లెక్క మొదలైంది. తెరిచిన రోజును పొట్లం మీద పెన్నుతో రాసిపెట్టుకోవడం కంటే సులువైన, ఉపయోగకరమైన అలవాటు లేదు.

ఆరిన మాంసాల లెక్క వేరు. గట్టిగా ఎండిన, కోయని సలామీ కడ్డీ వంటింటి అరలోనే ఆరు వారాల దాకా ఉంటుంది. కోసిన తరువాత ఫ్రిజ్‌లో మూడు వారాలు ఉంటుంది. పార్మా తరహా హ్యామ్ పెద్ద ముక్కగా ఉంటే, కోసిన వైపును గట్టిగా కప్పి పెడితే, ఫ్రిజ్‌లో రెండు మూడు నెలలు ఉంటుంది. అదే హ్యామ్‌ను రేకులుగా కోయించి తెచ్చుకుంటే ఈ ధీమా పనికిరాదు. గాలికి ఎండిపోయి, కొవ్వు పాడై, కొద్ది రోజులకే రుచి పోతుంది.

ఫ్రిజ్ అనగానే అది చల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు, ఎంత చల్లగా ఉందో చూసేవారు తక్కువ. ఈ గడువులన్నీ 4 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్న ఫ్రిజ్‌కు చెప్పినవి. మే నెలలో గుంటూరులోనో రామగుండంలోనో వంటింటి వేడికి, మాటిమాటికీ తెరిచే తలుపుకు, ఫ్రిజ్ లోపల 8, 10 డిగ్రీలు ఉండడం అసాధ్యమేమీ కాదు. తక్కువ ఖరీదుకు దొరికే ఒక చిన్న థర్మామీటరును గ్లాసు నీళ్లలో ముంచి మధ్య అరలో ఒక రాత్రి ఉంచితే అసలు సంగతి తెలుస్తుంది. తలుపు అరలలో చలి నిలవదు కనుక మాంసాన్ని అక్కడ పెట్టకూడదు. వెనుక గోడకు దగ్గరగా పెట్టాలి. పచ్చి మాంసపు నీరు కారి దీని మీద పడకుండా చూడాలి, ఎందుకంటే పచ్చి మాంసం పొయ్యి మీదికి వెళుతుంది, ఇది నేరుగా నోట్లోకి వెళుతుంది. దుకాణం నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు కూడా చలి తెగకూడదు. బయట రెండు గంటలకు మించి ఉన్న తడి మాంసాన్ని పారవేయాలని నియమం. ఎండ 32 డిగ్రీలు దాటితే ఆ గడువు గంటకు తగ్గుతుంది. ఆంధ్ర, తెలంగాణ వేసవిలో 32 డిగ్రీలంటే చల్లటి పూట. అందుచేత ఇక్కడివారికి గంట నియమమే అసలు నియమం.

చెడిన మాంసాన్ని గుర్తించడంలో కొన్ని భయాలు అనవసరం, కొన్ని ధైర్యాలు అనవసరం. కోసిన హ్యామ్ మీద, బీఫ్ మీద అప్పుడప్పుడు ఇంద్రధనుస్సు రంగుల మెరుపు కనిపిస్తుంది. కండర తంతువుల కొసల మీద వెలుగు పడి విడిపోవడం వల్ల అది వస్తుంది, దానికీ చెడిపోవడానికీ సంబంధం లేదు. గాలీ వెలుతురూ తగిలిన చోట గులాబీ రంగు వెలిసి బూడిద రంగుకు తిరుగుతుంది. అది తాజాదనం తగ్గిన గుర్తే కానీ దానంతట అదే విషం కాదు. చాలాకాలం ఆరిన హ్యామ్‌లో కనిపించే తెల్లని చిన్న చుక్కలు ప్రోటీన్ విడిపోయి ఏర్పడిన స్ఫటికాలు. సలామీ తొడుగు మీది తెల్లని పొడిలాంటి బూజు తయారీదారులు కావాలని పెంచినది. తొడుగుతో పాటు ఒలిచివేస్తే సరిపోతుంది. కానీ వేలికి తగిలే జిగట, పుల్లని వాసన, ఉబ్బిన పొట్లం, తడి మాంసం మీద పచ్చగా నల్లగా పట్టిన బూజు, వీటిలో ఏది కనిపించినా కడిగి వాడుకోవాలన్న ఆలోచన రాకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, లిస్టీరియా ఉన్న మాంసం వాసనలో, రంగులో, రుచిలో ఏ మార్పూ చూపదు. వాసన బాగున్నదంటే మాంసం బాగున్నట్లు కాదు. ముక్కు చెప్పలేని సంగతిని పొట్లం మీద రాసుకున్న తేదీ చెబుతుంది.

అయిదు రోజులలో తినలేనంత మాంసం ఇంట్లో ఉన్నప్పుడు ఫ్రీజర్ అవసరమవుతుంది. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర సూక్ష్మజీవుల పెరుగుదల పూర్తిగా ఆగిపోతుంది కనుక, అక్కడ ఉంచిన మాంసం ఎన్నాళ్లయినా ప్రమాదకరం కాదు. అయినా డెలీ మాంసాన్ని ఒకటి రెండు నెలలకు మించి ఫ్రీజర్‌లో ఉంచవద్దని, పచ్చి బేకన్‌ను, అంటే ఉప్పు పట్టించి పొగబెట్టిన పంది పొట్ట మాంసాన్ని, నెలకు మించి ఉంచవద్దని అంటారు. పచ్చి మాంసం ముక్క ఆరు నెలలు, ఏడాది కూడా ఉంటున్నప్పుడు ఉప్పు వేసిన మాంసం రెండు నెలలకే రుచి పోగొట్టుకోవడం వింతగా తోస్తుంది. పైన చెప్పిన పార్మా తరహా హ్యామ్ ముక్క ఫ్రిజ్‌లో రెండు మూడు నెలలు బాగుండి, ఫ్రీజర్‌లో ఒక నెల మాత్రమే బాగుంటుందనడం మరింత వింత.

దీనికి కారణం ఉప్పే. ఉప్పు కలిసిన నీరు మామూలు నీరు గడ్డకట్టే చలికి గడ్డకట్టదు. ఫ్రీజర్‌లో మాంసంలోని శుద్ధమైన నీరు ముందు మంచుగా మారుతుంది. ఉప్పంతా మిగిలిన కొద్దిపాటి ద్రవంలోకి చేరి చిక్కబడుతుంది. ఆ చిక్కని ఉప్పునీరు కొవ్వును ఆనుకుని ఉంటూ, గాలిలోని ఆక్సిజన్ కొవ్వును పాడుచేసే చర్యను వేగిరపరుస్తుంది. సూక్ష్మజీవులు ఆగిపోయినా ఈ రసాయన చర్య ఆగదు. ఫలితంగా మాంసానికి పాత నూనె వాసన పడుతుంది. కొవ్వు ఎక్కువగా ఉన్న సలామీ, బేకన్ త్వరగా ఈ వాసనకు లోనవుతాయి, కొవ్వు తక్కువైన టర్కీ రొమ్ము కొంత ఆలస్యంగా లోనవుతుంది. శ్రోతలు ఈ మాటను మరొక్కసారి వినాలి: ఫ్రీజర్‌లో ఉప్పు మాంసానికి ఉన్న గడువు ఆరోగ్యానికి సంబంధించినది కాదు, రుచికి సంబంధించినది, ఫ్రిజ్‌లో ఉన్న గడువు మాత్రం ఆరోగ్యానికి సంబంధించినది. ఫ్రీజర్ గడువు వారం దాటితే నష్టం నాలుకకు. ఫ్రిజ్ గడువు వారం దాటితే నష్టం ప్రాణానికి కావచ్చు.

ఫ్రీజర్ చేసే రెండో నష్టం మంచు స్ఫటికాల వల్ల వస్తుంది. అమెరికాకు చెందిన క్లారెన్స్ బర్డ్స్‌ఐ ఇరవయ్యో శతాబ్దం రెండో దశకంలో కెనడా ఈశాన్య తీరంలోని లాబ్రడార్‌లో ఉన్నప్పుడు, అక్కడి స్థానిక ప్రజలు పట్టిన చేపలు విపరీతమైన చలిగాలికి క్షణాలలో గడ్డకట్టడం, నెలల తరువాత కరిగించినా అవి తాజాగా ఉండడం గమనించాడు. వేగంగా గడ్డకడితే స్ఫటికాలు చిన్నవిగా ఉంటాయి, మాంసపు కణాలను చీల్చవు. నెమ్మదిగా గడ్డకడితే పెద్దవిగా పెరిగి కణాలను చీలుస్తాయి, కరిగినప్పుడు మాంసంలోని రసమంతా కారిపోతుంది. ఈ గమనింపు మీదనే అతడు వేగంగా గడ్డకట్టించే యంత్రాలను రూపొందించాడు, 1930లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆ ఆహారాన్ని దుకాణాలలో అమ్మకానికి పెట్టారు. ఇంటి ఫ్రీజర్‌కు ఆ యంత్రం శక్తి లేదు, కానీ ఆ సూత్రం పనికొస్తుంది. అరకిలో మాంసాన్ని ముద్దగా పెడితే లోపలి దాకా గడ్డకట్టడానికి చాలా గంటలు పడుతుంది. ఒక పూటకు సరిపడే చిన్న పొట్లాలుగా చేసి, పలుచగా పరిచి, ఫ్రీజర్ అడుగుకు ఆనేలా పెడితే చాలా త్వరగా గడ్డకడుతుంది.

పొట్లం కట్టే తీరులోనే సగం ఫలితం ఉంది. రేకులు ఒకదానికొకటి అంటుకుని రాయిలా మారకుండా, రెండేసి మూడేసి రేకుల మధ్య మైనపు కాగితాన్నో బేకింగ్ కాగితాన్నో పెట్టాలి. ఆ దొంతరను ప్లాస్టిక్ పలుచని పొరతో గాలి మిగలకుండా బిగించి చుట్టాలి, తరువాత జిప్ ఉన్న మందపాటి సంచిలో పెట్టి, సంచిలోని గాలిని చేత్తో అదిమి బయటికి పంపి మూయాలి. గాలి తీసే యంత్రం ఉంటే మరీ మంచిది. ఎందుకింత జాగ్రత్త అంటే, ఫ్రీజర్‌లోని పొడి గాలి తగిలిన చోట మాంసంలోని మంచు నీరుగా మారకుండానే ఆవిరైపోతుంది. అక్కడ తెల్లగా, బెరడులా ఎండిన మచ్చలు పడతాయి. దుకాణం ఇచ్చిన పలుచని సంచిలోనే ఫ్రీజర్‌లో పడేసిన మాంసం చాలాసార్లు ఇలాగే పాడవుతుంది. గాలి తీసి మూసిన పొట్లాన్ని అసలు తెరవకపోతే దానిని అలాగే ఫ్రీజర్‌లో పెట్టవచ్చు. ఏ పొట్లమైనా తేదీ, లోపల ఉన్నదాని పేరు రాసి పెట్టాలి, ఎందుకంటే గడ్డకట్టిన తరువాత హ్యామ్‌కూ టర్కీకీ తేడా పోల్చుకోవడం కష్టం. మరొక మాట. మాంసం తాజాగా ఉన్న రోజునే ఫ్రీజర్‌లో పెట్టాలి. అయిదో రోజు దాకా ఫ్రిజ్‌లో ఉంచి, ఇక తినలేమని తోచినప్పుడు ఫ్రీజర్‌లోకి మార్చితే, అప్పటికే పెరిగిన సూక్ష్మజీవులు అక్కడ చావవు. ఆగి, కరిగిన రోజు మళ్లీ మొదలుపెడతాయి. చలి ఆపుతుంది, చంపదు.

గడ్డ విడిపించడానికి ఫ్రిజ్ తప్ప వేరే మంచి చోటు లేదు. ముందు రాత్రి ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చితే తెల్లవారేసరికి రేకులు విడివడతాయి. వంటింటి గట్టు మీద పెడితే లోపల ఇంకా మంచు ఉండగానే పై పొర సూక్ష్మజీవులకు అనువైన వేడికి వస్తుంది. విడిపించిన మాంసాన్ని మూడు నాలుగు రోజులలో వాడెయ్యాలి. ఫ్రిజ్‌లోనే విడిపించినదైతే తిరిగి గడ్డకట్టించడం ప్రమాదం కాదు, కానీ ప్రతిసారీ రసం కారి మాంసం పీచులా తయారవుతుంది. ఉడికించిన హ్యామ్, టర్కీ ఒకసారి గడ్డకట్టి కరిగితే తడి తేలి, నమలడానికి మెత్తబడతాయి. వాటిని చల్లని సాండ్‌విచ్‌లో కంటే ఆమ్లెట్‌లోనో, పాస్తాలోనో, ఫ్రైడ్ రైస్‌లోనో వేసి బాగా వేడి చేసి తినడం రుచికీ మంచిది, ఇంతకుముందు చెప్పిన లిస్టీరియా దృష్ట్యా భద్రత కూడా.

కరెంటు పోయిన రోజుల గురించి కూడా ఆలోచించి పెట్టుకోవాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు, 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచు తుపాను కమ్మినప్పుడు, రోజుల తరబడి కరెంటు లేక ఇళ్లలోని ఫ్రీజర్లలో ఉన్నవి కరిగిపోయాయి. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తెరవకుండా ఉంటే సుమారు రెండు రోజులు చలిని నిలుపుకుంటుంది, సగం నిండినది ఒక రోజు నిలుపుకుంటుంది. ఫ్రిజ్ మాత్రం నాలుగు గంటలే. కనుక కరెంటు పోయిన వెంటనే లోపల ఏమున్నదో చూడాలన్న ఆత్రాన్ని అణచుకోవాలి. ఖాళీగా ఉన్న చోట నీళ్ల సీసాలు గడ్డకట్టించి పెట్టుకుంటే ఫ్రీజర్ నిండుగా ఉన్నట్లే పని చేస్తుంది. కరెంటు వచ్చాక పొట్లంలో ఇంకా మంచు పలుకులు మిగిలి ఉంటే దానిని మళ్లీ గడ్డకట్టనివ్వవచ్చు. మెత్తబడి వెచ్చబడి ఉంటే పారవేయాలి. ఖరీదు పెట్టి కొన్నదన్న బాధ సహజమే, అయినా ఆ పొట్లం విలువ ఆసుపత్రి ఖర్చు కంటే ఎప్పుడూ తక్కువే.

ఎముకతో వచ్చే హ్యామ్ తినేసిన తరువాత ఆ ఎముకను పారవేయకుండా ఫ్రీజర్‌లో దాచుకోవడం అమెరికా, యూరప్ గృహిణుల పాత అలవాటు. ఎముకకు కొద్దిగా మాంసం అంటి ఉన్నప్పుడే గట్టిగా చుట్టి పెట్టి, నెల రెండు నెలలలోగా తీసి, ఎండు బఠాణీ పప్పుతో, ఉల్లి, క్యారట్ ముక్కలతో రెండు మూడు గంటలు సన్నని మంట మీద మరగనిస్తారు. దీనికి గడ్డ విడిపించవలసిన పని లేదు, నేరుగా నీళ్లలో వేయవచ్చు. ఎముకలోని ఉప్పు ఉడికేకొద్దీ పులుసులోకి దిగుతుంది కనుక, పప్పు పూర్తిగా మెత్తబడి ఒకసారి రుచి చూసేదాకా వేరే ఉప్పు వేయకూడదు.